పాలవేళ లేచిన ముల్లు

వదిన కారు దిగలేదు.

ఇంటి ముందు ఆపింది కానీ ఇంజను ఆపలేదు. వెనకసీట్లో సిగ్ని ఉంది. ఉన్ని టోపీ చెవుల కిందికి లాక్కుని, కిటికీ అద్దానికి ముక్కు ఆనించి నన్ను చూసి నవ్వుతోంది. ఏడేళ్ళ పిల్ల. ఆస్పత్రి మందులకి జుట్టంతా రాలిపోయి, ఇప్పుడిప్పుడే కోడిపిల్ల నూగులాగా మొలుస్తోందని మొన్న వదిన ఫోన్లో చెప్పింది.

నేను కారు దగ్గరికి పరిగెత్తాను. వదిన అద్దం నాలుగు వేళ్ళు దించింది.

"ఎంతుంది?" అంది. బాగున్నావా లేదు, తిన్నావా లేదు.

"పొద్దుట్నించీ పడుకునే ఉంది వదినా. పెట్టెలో ముల్లుకి నిద్ర పట్టేసింది. గురక కూడా వినపడింది."

"ఆర్నే."

"సున్నా దగ్గరే ఉంది. ఒట్టు."

"నీ ఒట్టు ఎవడిక్కావాలయ్యా? మీ అన్న హాల్వర్ని పిలు. నా కళ్ళతో చూస్తేనే పిల్లని దింపుతా. ముల్లు రెండో గీత దాటిందా, ఇట్నుంచి ఇటే మా అక్కింటికి వెళ్ళిపోతా. మళ్ళీ పిలిచినా రాను."

ఆవిడ అలా అందని నాకు కోపం రాలేదు. నా మాట నమ్మితే ఆ నమ్మినవాళ్ళదే తప్పని మా పేటంతా చెప్పుకుంటారు. వదిన పెళ్ళయి వచ్చిన రోజునే చెప్పాను నేను, మా నాన్న ఎద్దు కంచెకి ఒళ్ళు రుద్దుకుంటే జిల్లా సరిహద్దు రెండు మైళ్ళు అటు జరిగిందనీ, కచేరీవాళ్ళు వచ్చి పటం మళ్ళీ గీసుకున్నారనీ. పాపం, మూడు రోజులు నమ్మింది. అంతే, ఆ తరవాత పదకొండేళ్ళలో మళ్ళీ ఒక్క మాటా నమ్మలేదు.

ఇల్లు జరిపిన సంగతి మాత్రం నిజం. పెద్ద కరెంటు తీగల కింద ఉన్న ఇంటిని పునాది మీంచి లేపి, దుంగల మీదికెక్కించి, చక్రాలు తగిలించి, మూడు వందల గజాలు ఇవతలికి లాక్కొచ్చాం. మాకిది కొత్తేం కాదు, అమెరికాలో మా మినెసోటా వైపు ఇల్లు నచ్చక కాదు, చోటు నచ్చకే మారతారు, ఇంటిని కూడా వెంట లాక్కుపోతారు. వంటింట్లో అలమర కూడా ఖాళీ చెయ్యలేదు. ఒక్క కప్పు పగిలింది, అదీ నేను కూర్చున్నదే.

పిల్లకి నెత్తురులో కేన్సరని తేలిన రోజునుంచీ వదిన ఆ ఇంట్లో కాలు పెట్టలేదు. తొమ్మిది నెలలు. "మనింటి నెత్తిమీద రాత్రింబగళ్ళు ఆ తీగలు గుయ్యిమంటుంటే పిల్లకి రాక ఏమొస్తుంది?" అని అక్కింటికి తీసుకుపోయింది. తీగల కంపెనీవాళ్ళు వచ్చి కాఫీ తాగి, మా తీగలకీ మీ పిల్లకీ సంబంధం లేదని చెప్పి పోయారు. డాక్టరు మాత్రం నిజాయితీగానే చెప్పాడు. "అవుననడానికీ రుజువు లేదు, కాదనడానికీ లేదమ్మా. కొన్ని ఊళ్ళల్లో లెక్కలు చూశారు, ఏదో కాస్త తేడా కనిపించింది. ఎందుకో ఎవరికీ తెలియదు" అన్నాడు.

తెలియదన్న మాట మోసుకుంటూ ఎన్నాళ్ళు తిరుగుతుంది తల్లి? అందుకే ఇల్లు లేపాం.

బడిలో సైన్సు చెప్పే నట్సన్ మాస్టారు ఒక పెట్టె ఇచ్చాడు. రొట్టెల డబ్బా అంత ఉంటుంది, పైన గాజు, గాజు కింద ముల్లు. కరెంటు చుట్టూ కనపడకుండా ఉండే అయస్కాంతపు పట్టు ఎంతుందో అది చూపిస్తుందట. రెండో గీత దాటిన చోట పిల్లని పడుకోబెట్టొద్దని ఎవరో చదువుకున్నవాళ్ళు రాశారని వదిన ఎక్కడో చదివింది. పాత చోట ముల్లు ఆరు దాటేది. కొత్త చోట వారం రోజులుగా అరగీతకి మించలేదు. అందుకే పన్నెండింటికి ఫోన్ చేసి రమ్మన్నాం.

"పిలుస్తా ఉండు" అని లోపలికి పోయాను.

అన్నయ్య సిగ్ని గదిలో ఉన్నాడు. పశువుల కొట్టంలో పాలయంత్రం వేసేసి, కారు చప్పుడు విని బూట్లతోనే పరిగెత్తుకొచ్చినట్టున్నాడు. మంచం మీద పెట్టె ఉంది. దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, వేలితో గాజు మీద తడుతున్నాడు.

"అన్నయ్యా, వదిన నిన్ను..."

"తలుపెయ్యి."

వేశాను.

"చూడు" అన్నాడు.

ముల్లు అయిదు మీద ఉంది.

నాకు నోట మాట రాలేదు. నా నోట మాట రాలేదంటే అది చెప్పుకోవాల్సిన విషయమే.

"ఇందాక చూశానే! కారు కోసం బయటికెళ్ళే ముందు చూశా. పడుకునే ఉంది!"

"నేనూ చూశానురా. కొట్టానికి వెళ్ళే ముందు."

"పెట్టె చెడిపోయిందేమో."

"వంటింట్లో పెడితే రెండు చూపిస్తోంది. ఇక్కడ పెడితే అయిదు. చెడిపోయిన పెట్టెకి గదులు తెలుస్తాయా?"

"తీగల్లో ఎక్కువ కరెంటు వదిలారేమో, ముండాకొడుకులు!"

"అంత దూరం నుంచా? మొన్న కంచె దగ్గర కొలిస్తే అక్కడే రెండు లేదు." అన్నయ్య లేచి కిటికీలోంచి కొట్టం వైపు చూశాడు. "ఆర్నే, వారం రోజులుగా ఎప్పుడెప్పుడు చూశాం మనం?"

"పొద్దున పాలయ్యాక. మధ్యాహ్నం. రాత్రి భోజనాలప్పుడు."

"పాలు తీసేటప్పుడు?"

"పాలు తీసేటప్పుడు మనిద్దరం కొట్టంలో ఉంటాం కదా! ఇంట్లో చూసేవాళ్ళెవరు?"

అనేశాక ఆ మాట నాకే చెవిలో గంట కొట్టినట్టయింది.

"వెనక దారిన పో" అన్నాడు అన్నయ్య. "కొట్టంలో పెద్ద స్విచ్చి తీసెయ్. మళ్ళీ వెయ్యి. మళ్ళీ తియ్యి. ముల్లు లేస్తే కిటికీలోంచి టోపీ పైకెత్తుతా, పడుకుంటే దింపుతా."

నా వయసు నలభై మూడు, మోకాలు ఒకటి నాది కాదేమో అన్నట్టుంటుంది. అయినా పరిగెత్తాను. స్విచ్చి తీశాను. పంపు ఆగింది, ఆవుల పొదుగులనుంచి పాలయంత్రం గిన్నెలు ఊడి గడ్డిలో పడ్డాయి. ముప్ఫై ఎనిమిది ఆవులూ తల తిప్పి నన్నే చూశాయి. కిటికీలో టోపీ కిందికి దిగింది. స్విచ్చి వేశాను. టోపీ పైకి లేచింది. తీశాను. దిగింది.

మళ్ళీ వెయ్యబుద్ధి కాలేదు.

నేను తిరిగొచ్చేసరికి అన్నయ్య పిల్ల మంచం మీద కూర్చుని ఉన్నాడు. అంత పెద్ద మనిషి, అంత చిన్న మంచం.

"గొట్టంరా" అన్నాడు.

అర్థమైంది. మీకూ చెప్తాను, నట్సన్ మాస్టారు నాకు చెప్పినట్టే. కరెంటుకి పోయే దారి ఒకటి, తిరిగొచ్చే దారి ఒకటి ఉండాలట. రెండూ పక్కపక్కనే ఉంటే దేని పట్టుని అది అణిచేసుకుంటుంది, ముల్లు కదలదు. మా కొట్టానికి పోయే దారి స్తంభాల మీద తీగ. తిరిగొచ్చే దారికి తీగే లేదు. మా నాన్న రోజుల్నుంచీ అంతే. నేలలో ఇనప నీళ్ళ గొట్టం ఉండగా ఇంకో తీగ ఎందుకని కొట్టంలో ఒక తీగముక్క, ఇంట్లో ఒక తీగముక్క గొట్టానికి కట్టేసేవాళ్ళు. కరెంటంతా గొట్టం మీద ఇంటికొచ్చేది. పంపు, నీళ్ళు కాచేది, లైట్లు, అన్నీ పాలవేళకే కదా వేసేది.

ఆ గొట్టం ఇంట్లోకొచ్చే మూల సరిగ్గా సిగ్ని మంచం కింద.

"ఇల్లు జరిపినప్పుడు గొట్టాల పని చేసే డెల్మార్ ప్లాస్టిక్ గొట్టం వేద్దామన్నాడు" అన్నాడు అన్నయ్య. "నేనే వద్దన్నా. నాన్న వేసిన గొట్టం, తుప్పు కూడా పట్టలేదు, పారెయ్యడానికి చేతులెలా వస్తాయన్నా. తవ్వి తీసి, అతుకులు పెట్టి, మళ్ళీ అదే మూలకి తెచ్చా. తీగ మళ్ళీ నేనే కట్టా. నువ్వు లాంతరు పట్టుకున్నావు."

"పట్టుకున్నా. నీకేదో చేప కథ చెప్తూ."

"నాన్న కట్టింది పాతబడితే, పెళ్ళయిన ఏడాది పాతింట్లో మళ్ళీ కట్టిందీ నేనే. ఆ మూలే ఉయ్యాల వేశాం."

"డాక్టరు తెలియదన్నాడు కదా అన్నయ్యా. ఎవరికీ తెలియదన్నాడు."

"తెలియదన్నాడురా. కాదని అనలేదు." అరచేతులు మొహం మీద పెట్టుకున్నాడు. "ఇన్నాళ్ళూ ఆ తీగలవాళ్ళని తిట్టా. మీటింగులో నిలబడి తిట్టా. చర్చిలో కళ్ళు మూసుకుని కూడా వాళ్ళనే తిట్టా."

బయట కారు హారను మోగింది. రెండుసార్లు.

"వెళ్ళి చెప్పేద్దాం" అన్నాను. "పిల్లని ఇంకో గదిలో..."

"చెప్తే దిగుతుందా? నీకు తెలియదా మీ వదిన? తొమ్మిది నెలలైందిరా పిల్ల నా పక్కన కూర్చుని అన్నం తిని." నా చెయ్యి పట్టుకున్నాడు. "స్విచ్చి తీసే ఉంది కదా. అలాగే ఉండనీ. ఈ పూట పాలు చేత్తో తీద్దాం. వాళ్ళు పడుకోనీ. తెల్లారగానే తవ్వి ఆ తీగ తెంపేస్తా, కొత్త తీగ లాగుతా. అప్పుడు నేనే చెప్తా. ఒక్క రాత్రి."

"నేను అబద్ధం చెప్తే నమ్మేదెవరు?"

"నువ్వేం చెప్పక్కర్లేదు. ఊరుకో చాలు."

నన్ను ఎద్దుతో పాటు కాడికి కడతానన్నా కట్టించుకునేవాణ్ణి. ఊరుకోమన్నాడు.

వదిన పిల్లని దుప్పట్లో చుట్టి ఎత్తుకుని లోపలికొచ్చింది. అన్నయ్య వైపు చూడలేదు. పిల్లని కుర్చీలో కూర్చోబెట్టి, పెట్టె తీసుకుని, దిండు మీద పెట్టింది. మంచం మధ్య పెట్టింది. కింద నేల మీద పెట్టి తనూ బోర్లా పడుకుని చూసింది. కిటికీ దగ్గర, అలమర దగ్గర, తలుపు దగ్గర. మేమిద్దరం గోడకి తగిలించిన కోట్లలాగా నిలబడ్డాం.

అరగీత. ప్రతిచోటా అరగీతే.

ఆవిడ నేల మీదనుంచి లేవలేదు. అక్కడే కూర్చుని, ఒక బూటు విప్పింది. తరవాత రెండోది.

"హాల్వర్" అంది. "కాఫీ ఉందా?"

"పెడతా" అన్నాడు అన్నయ్య. వంటింటి వైపు అడుగేశాడు.

"నువ్వుండు. నా వంటిల్లు నాకు తెలుసు. మీరిద్దరు మగాళ్ళు దాన్ని ఏ గతి పట్టించారో చూస్తా."

సిగ్ని కుర్చీలోంచి మంచం మీదికి దూకింది. టోపీ తీసి పైకెగరేసింది. నూగే, తెల్లటి నూగు. అన్నయ్య ఆ తల మీద చెయ్యి పెట్టబోయి, మధ్యలో ఆపేసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అది నేను చూశాను.

"బాబాయ్, ఈ పెట్టెలో ఏముంది?"

"చీమ. ముల్లుకి కట్టేసి ఉంచారు. ఇప్పుడు నిద్రపోతోంది."

"అబద్ధం."

"అమ్మ నేర్పించిందా ఆ మాట?"

"అందరూ అంటారు." పెట్టెని ఒళ్ళో పెట్టుకుంది. "నాన్నా, ఇవాళ ఇక్కడే పడుకుంటామా? రేపు కూడానా?"

"ఇక్కడే తల్లీ" అన్నాడు అన్నయ్య.

కొట్టంలో ఒక ఆవు అరిచింది. దాని వెనక ఇంకోటి. తరవాత ఆగలేదు. పొదుగులు నిండి సగంలో ఆపేస్తే ఎవరు మాత్రం ఊరుకుంటారు?

వంటింట్లో కప్పుల చప్పుడు ఆగిపోయింది.

వదిన గుమ్మంలోకి వచ్చింది, చేతిలో కాఫీ పొడి డబ్బాతో.

"టైమెంత?"

"నాలుగున్నర" అన్నాడు అన్నయ్య.

"పంపు చప్పుడేది?"

ఆవిడ ఆవుల కొట్టంలో పుట్టినంత పని. చెవి నిద్రలో కూడా పంపు మీదే ఉంటుంది.

"బెల్టు తెగింది" అన్నాడు అన్నయ్య.

"అటక మీద ఇంకోటి ఉండాలే. నేనే పెట్టా."

"అది... అదీ పనికిరాదు."

"ఎందుకు పనికిరాదు? కొత్తది. కాయితం కూడా విప్పలేదు."

అన్నయ్య కిటికీ వైపు తిరిగాడు. వదిన నా వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు ఆర్నే. బెల్టు తెగిందా?"

నేను నేల వైపు చూశాను. బెల్టుని ఎలక కొరికిందనొచ్చు, ఆ ఎలక దూడంత ఉందనొచ్చు, దానికి మీసాలున్నాయనొచ్చు. నా నోట్లో పది కథలు తయారుగా ఉన్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు.

"పదకొండేళ్ళలో నువ్వు నోరు మూసుకుని నిలబడ్డం ఇదే చూడటం" అంది వదిన నెమ్మదిగా.

డబ్బా బల్ల మీద పెట్టింది. గుమ్మం దగ్గరున్న అన్నయ్య పాత రబ్బరు బూట్లలో కాళ్ళు దూర్చి వెనక తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.

"మార్లిస్!" అని వదినని పిలిచాడు అన్నయ్య. గట్టిగా కాదు. ఎవరికీ వినపడనంత.

మేం ముగ్గురం మంచం చుట్టూ ఉన్నాం. సిగ్ని కాళ్ళూపుతోంది. బయట బూట్లు గడ్డకట్టిన మట్టి మీద టకటకమంటూ దూరమైపోయాయి. తరవాత కాసేపు ఆవుల అరుపులే.

తరవాత పంపు మొదలైంది.

"బాబాయ్! చీమ లేచింది!" పిల్ల మంచం మీద నిలబడింది. "ఒకటి, రెండు, మూడు... నాన్నా చూడు, నాలుగు... అయిదు! అయిదు దాకా వచ్చింది!" చప్పట్లు కొడదామని పెట్టెని నాకిచ్చింది.

నేను దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాను. దించాలో విసిరెయ్యాలో తెలియలేదు.

పంపు ఆగింది. బూట్లు తిరిగొచ్చాయి.

వదిన పెట్టె వైపు చూడను కూడా లేదు. "ఎంత దాకా వచ్చింది సిగ్నీ?" అంది గుమ్మంలోంచే.

"అయిదమ్మా! ఇప్పుడు మళ్ళీ పడుకుంది!"

"వంటింట్లో బల్ల మీద రొట్టె ఉంది. వెళ్ళి తిను. తలుపు దగ్గరికెయ్యి."

పిల్ల గెంతుకుంటూ పోయింది. వదిన అరవలేదు. అరిస్తే బాగుండేది.

"ఇది తీగలవాళ్ళది కాదు" అంది. "మన కొట్టందే. స్తంభాల మీద పోయే తీగే ఉంది, తిరిగొచ్చేది గొట్టం మీద నుంచే కదా?"



"పిల్ల పుట్టినప్పటి నుంచీ రోజుకి రెండుసార్లు. నేనే దాన్ని అక్కడ పడుకోబెట్టి పాలు తియ్యడానికొచ్చేదాన్ని. ఏడవకుండా పడుకుంటుంది, బంగారుతల్లి అని మీ ఇద్దరితో చెప్పేదాన్ని." ఊపిరి తీసుకుంది. "నన్ను పిలిపించి, మంచం చూపించి, పంపు ఆపేసి కూర్చున్నారు. అది తరవాత మాట్లాడతా. ముందు ఇది చెప్పండి. ఆ గొట్టానికి తీగ కట్టిందెవరు?"

అన్నయ్య పెదాలు కదిలాయి. మొహం సున్నం కొట్టినట్టుంది. ఆ మనిషిని నేను పుట్టినప్పటినుంచీ చూస్తున్నా, అలా ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు ఈయన ఆ మాట అంటే వదిన పిల్లని తీసుకుని పోతుంది, మళ్ళీ రాదు, ఇల్లు మళ్ళీ లేపి చంద్రుడి దగ్గర పెట్టినా రాదు అనిపించింది.

"నేనే" అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"నేనే కట్టా వదినా. పాతింట్లోనూ నేనే, మొన్నా నేనే. అన్నయ్య ఇంకో తీగ లాగమనే చెప్పాడు. నేనే బద్ధకించి, లాగేశానని చెప్పా. ఆయనకి ఇందాకే తెలిసింది."

నమ్మదనుకున్నాను. నన్నెప్పుడు నమ్మింది గనక? కళ్ళు చిట్లించి చూస్తుందనీ, "ఆర్నే" అంటుందనీ, అన్నయ్య వైపు తిరుగుతుందనీ ఎదురు చూశాను.

"అనుకున్నా" అంది వదిన.

అంతే. పదకొండేళ్ళ తరవాత నమ్మింది.

ఆవిడ మంచం దగ్గరికొచ్చి, దుప్పటి సర్ది, సిగ్ని టోపీ తీసి దిండు పక్కన పెట్టింది. నాతో మాట్లాడినప్పుడు నా వైపు చూడలేదు.

"పిల్ల ఇక్కడే ఉంటుంది. ఆ తీగ ఇవాళే తెంపాలి హాల్వర్, చీకటి పడకముందే. కొత్తది లాగేదాకా పాలు చేత్తోనే, నేనూ వస్తా. ఇతను మాత్రం నా కళ్ళ ముందు ఉండకూడదు. ఈ ఇంట్లో గానీ, కొట్టంలో గానీ. ఎక్కడికి పోతాడో నాకక్కర్లేదు."

"వదినా, ఆవులు ముప్ఫై ఎనిమిది. మీరిద్దరే..."

"వెళ్ళు ఆర్నే."

నేను అన్నయ్య వైపు చూశాను. ఆయన నా వైపే చూస్తున్నాడు. ఇప్పుడు చెప్తాడు అనుకున్నాను. నోరు తెరిచాడు కూడా.

వంటింట్లోంచి సిగ్ని కేకేసింది. "నాన్నా, నా పక్కన కూర్చో! నీకూ రొట్టె ఉంచా!"

అన్నయ్య నోరు మూశాడు. గోడ దగ్గరికి నడిచి, మేకుకున్న నా కోటు తీసి, బాగా చలిగా ఉందన్నట్టు కాలరు పైకి మడిచి, నాకు తొడుక్కోవడానికి పట్టుకున్నాడు.